అవ్వ పాటలు రికార్డ్ చెయ్యాలి: 4 జీబీ లాప్‌టాప్, పైసా ఖర్చు లేని సాఫ్ట్‌వేర్ ఏది?

పత్తిచేను_24 (దేవరకొండ వైపు)
2025 అక్టోబరు 19, రాత్రి 9:40

అందరికీ నమస్తే. ఇక్కడ చేరి రెండేళ్లయింది, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

మా అవ్వకు 78 ఏళ్లు. బతుకమ్మ పాటలు, నాట్ల పాటలు, ఇసుర్రాయి పాటలు ఎన్ని వచ్చో ఇంట్లో ఎవరికీ లెక్క తెలియదు. మొన్న బతుకమ్మ ఆడుతుంటే ఫోన్లో తీశాను. విని చూస్తే చప్పట్లు, డీజే, పిల్లల లొల్లి. ఆమె గొంతు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. ఈసారి ఇంట్లో కూర్చోబెట్టి పద్ధతిగా చేద్దామని ఉంది.

నా దగ్గర ఉన్నవి పాత లాప్‌టాప్ (4 జీబీ ర్యామ్, విండోస్ 10), ఫోన్‌కి పెట్టుకునే కాలర్ మైకు. తమ్ముడు డప్పు కొడతాడు. రెండు పాటలకు డప్పు కూడా కలపాలని వాడి ఆశ.

మొన్న ఒక దోస్తు పెద్ద స్టూడియో సాఫ్ట్‌వేర్‌ది క్రాక్ కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. వేసిన రెండో రోజుకు అన్ని ఫైళ్ల పేర్ల చివర ఏదో తోక తగిలింది, ఒక్కటీ తెరుచుకోలేదు. అక్క పెళ్లి ఫోటోలతో సహా పోయాయి, లాప్‌టాప్ ఫార్మాట్ చెయ్యాల్సి వచ్చింది. అందుకే ఈసారి దొంగ మాల్ వద్దు. ఉచితంగా, న్యాయంగా దొరికేది చెప్పండి.


గడియారం_సెంటర్ (నల్గొండ)
అక్టోబరు 19, రాత్రి 10:05

తమ్మీ, పెళ్లి వీడియోలకు సౌండ్ సరిచేసి బతికేవాణ్ని, అందుకే అడుగుతున్నా. సాఫ్ట్‌వేర్ తర్వాత. గది ఎట్లా ఉంది? పైన స్లాబా, రేకులా? పక్కన బోరు మోటారు ఉందా? ఫ్యాన్ ఆపితే అవ్వ కూర్చోగలదా? రేపే దీపావళి, టపాసులు ఒక వారం ఆగవు. అంతవరకు తొందరపడకు.


ట్రాక్32
అక్టోబరు 19, రాత్రి 11:12

ఉచితం అంటే టైంపాస్ బ్రో. నేను రీపర్ వాడతా. ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి పెట్టేది) కాదు కానీ 60 రోజులు ఏ లాకూ లేకుండా వాడి చూడొచ్చు, తర్వాత చిన్న లైసెన్సు 60 డాలర్లు. విండోస్ బదులు వాడే లినక్స్‌లో కూడా నడుస్తుంది. మంచి పని కావాలంటే పైసలు పెట్టాలి.


లినక్స్_మామ (జడ్చర్ల)
అక్టోబరు 20, ఉదయం 6:30

ట్రాక్32, రీపర్ మంచిదే, కాదనను. కానీ పిల్లగాడు అడిగింది ఒక ముసలమ్మ గొంతు పట్టుకోవడానికి. దానికి 60 డాలర్లు ఎందుకు?

తమ్మీ, ఆడాసిటీతో మొదలుపెట్టు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో మొదలైన పని అది, 2000లో జనాల్లోకి వచ్చింది. ఇప్పుడు రియల్‌టైమ్ ఎఫెక్టులు కూడా వచ్చాయి, అంటే అసలు రికార్డింగ్ చెడకుండానే పైనుంచి మార్పులు విని చూసుకోవచ్చు. నీ 4 జీబీకి హాయిగా నడుస్తుంది.

పాటకు నాలుగైదు ట్రాకులు పెట్టి, డప్పు వేరే, గొంతు వేరే, కోరస్ వేరే అనుకునే రోజు వస్తే ఆర్డర్ చూడు. పాల్ డేవిస్ అనే ఆయన మొదలుపెట్టాడు. లినక్స్‌లో సౌండ్‌ను ఒక ప్రోగ్రాం నుంచి ఇంకో ప్రోగ్రాంకు పంపే జాక్ కూడా ఆయన పనే. ఆర్డర్‌తో ఒక తిరకాసుంది. కోడ్ ఉచితం, కానీ వాళ్ల సైట్‌లో తయారుగా ఉన్న ప్రోగ్రాం కావాలంటే ఎంతో కొంత కట్టాలి. కట్టకుండా దించుకున్న డెమో పది నిమిషాల తర్వాత మూగబోతుంది. అది చూసి చాలామంది 'పాడైపోయింది' అని తీసేస్తారు. లినక్స్‌లో అయితే దాని సొంత సాఫ్ట్‌వేర్ స్టోర్ (డిస్ట్రో స్టోర్) నుంచే పూర్తిది, ఉచితంగా వస్తుంది.

ఎల్ఎంఎంఎస్ అని ఇంకొకటి కనిపిస్తుంది. అది బీట్లు, కీబోర్డు ట్యూన్లు అల్లుకోవడానికి. దాంట్లో మైకు పెట్టి గొంతు నేరుగా రికార్డ్ చెయ్యలేవు. నేర్చుకునే పిల్లలు అరగంట రికార్డ్ బటన్ వెతికి నాకు ఫోన్ చేస్తారు, అందుకే ముందే చెప్తున్నా.

ఇంకో మాట. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఈ నెల 14తో అయిపోయింది. ఎట్లాగూ ఫార్మాట్ చేశావు కదా, లినక్స్ మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకో. బరువు తక్కువ.


పత్తిచేను_24
అక్టోబరు 20, మధ్యాహ్నం 2:15

మామా, ఆడాసిటీ వేశాను. కాలర్ మైకు పెట్టి రికార్డ్ నొక్కితే నా గొంతు వస్తోంది కానీ దూరం నుంచి. మైకును గోరుతో గీకితే ఏ శబ్దమూ లేదు. లాప్‌టాప్ మూత దగ్గర గీకితే మాత్రం గర్రుమంటోంది. మైకు పోయిందా?


గడియారం_సెంటర్
అక్టోబరు 20, మధ్యాహ్నం 2:40

పోలేదు. గోరుతో గీకి చూశావు చూడు, సగం మందికి ఆ తెలివి ఉండదు. లాప్‌టాప్ లోపలి మైకే రికార్డ్ అవుతోంది.

పిన్ను చూడు. దాని మీద నల్ల గీతలు మూడుంటే అది ఫోన్ పిన్ను. హెడ్‌ఫోన్‌కు, మైకుకు ఒకే రంధ్రం ఉన్న లాప్‌టాప్‌లో అది పట్టొచ్చు. రెండు రంధ్రాలు వేరువేరుగా ఉన్న పాత మోడల్ అయితే పట్టదు, మధ్యలో చిన్న కన్వర్టర్ కావాలి. కోఠీ గుజరాతీ గల్లీలో అడిగితే వెంటనే ఇస్తారు, అంత దూరం ఎందుకంటే దేవరకొండ మొబైల్ షాపుల్లో కూడా అడిగి చూడు. కన్వర్టర్ పెట్టాక ఆడాసిటీలో రికార్డింగ్ డివైస్ మార్చడం మర్చిపోకు.


పత్తిచేను_24
అక్టోబరు 21, సాయంత్రం 6:20

మూడు గీతలే. కన్వర్టర్ దొరికింది, మైకు పలికింది. కానీ ఇప్పుడు వెనకాల 'గుంయ్' అని ఒకటే మోత. ఫ్యాన్ ఆపినా పోవడం లేదు.


లినక్స్_మామ
అక్టోబరు 21, సాయంత్రం 6:45

చార్జర్ పీకి చూడు.


పత్తిచేను_24
అక్టోబరు 21, సాయంత్రం 6:52

మామా దండం. పోయింది!!


లినక్స్_మామ
అక్టోబరు 21, రాత్రి 7:30

మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, అదే మైకు దారిలో దూరి గుంయ్‌మంటుంది. దాని పిల్లలు 100, 150లలో కూడా ఉంటాయి కాబట్టి ఒక్క గాటుతో కోసి పారేద్దామంటే కుదరదు. ఊళ్లలో పాత ఇళ్లకు ఎర్తింగ్ సరిగ్గా ఉండదు. రికార్డ్ చేసేటప్పుడు బ్యాటరీ మీదే నడపడం మేలు. ముందు రోజే నిండా చార్జ్ చేసి పెట్టుకో.


పాలమూరు_కోడలు (మహబూబ్‌నగర్)
అక్టోబరు 22, ఉదయం 11:10

తమ్ముడూ, పుట్టింది గుంటూరులో, మెట్టింది పాలమూరులో. ఇక్కడి పిల్లలకు సంగీతం చెప్తుంటాను కాబట్టి ఒక మాట. మీ అవ్వగారికి హెడ్‌ఫోన్ పెట్టి మెట్రోనోమ్ టిక్కు టిక్కు వినిపించే పని మాత్రం దయచేసి పెట్టుకోకు.

మా అత్తగారితో నేను ఆ తప్పు చేశాను. ఆవిడ పాట మొదట్లో నింపాదిగా ఎత్తుకుంటుంది, నాలుగో చరణానికి నడక పెరుగుతుంది, చివరికి చప్పట్లతో పరుగే. బతుకమ్మ చుట్టూ తిరిగే కాళ్లు ఎలా వేగం అందుకుంటాయో పాటా అలాగే. నేను క్లిక్ పెట్టేసరికి ఆవిడ 'ఉయ్యాలో' దగ్గర ఆగి, టిక్కు కోసం చూసి, మళ్లీ మొదలుపెట్టడం. మూడు పాటలు అలా పాడయ్యాయి. నాలుగోసారి హెడ్‌ఫోన్ తీసి మంచం మీద పడేసి 'ఆ గడియారం నువ్వే పెట్టుకో' అంది.

శ్రుతి కూడా అంతే. హార్మోనియం పెట్టి 'ఇందులో పాడు' అనొద్దు. ఆవిడ ఎత్తుకున్నదే శ్రుతి. తర్వాత కీబోర్డు కలపాలంటే, ఆవిడ సాగదీసి నిలిపిన ఒక స్వరాన్ని సెలెక్ట్ చేసి ఎనలైజ్ మెనూలో ప్లాట్ స్పెక్ట్రమ్ చూడు. మా అత్తగారి షడ్జమం దాదాపు 226.5 హెర్ట్జ్ వచ్చింది. కీబోర్డు మీద ఒక మెట్టు 220, పై మెట్టు 233. సరిగ్గా రెండింటి నడుమ! గొంతును లాగి మెట్టుకు కట్టడం కాదు, కీబోర్డులో ట్యూనింగ్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని జరపాలి. సర్జ్ ఎక్స్‌టీ అని కంప్యూటర్‌లోనే స్వరాలు పుట్టించే ఒక సింథ్ ఉంది. ఒకప్పుడు అమ్మిన సరుకే, 2018లో కోడ్ మొత్తం బయట పెట్టేశారు. దాంట్లో అయితే స్వరాల మధ్య దూరాలు కూడా మనం రాసుకున్నట్టు మార్చుకోవచ్చు. జానపదం పాడేవాళ్ల గాంధారం, కీబోర్డు గాంధారం ఒకచోట ఉండవు.


దరువు (నల్గొండ)
అక్టోబరు 22, రాత్రి 10:20

అక్క చెప్పింది నిజం. పాట వెనక డప్పు నడవాలె గానీ డప్పు వెనక పాట నడవద్దు.

తమ్మీ, నేను పదిహేనేళ్లుగా డప్పు కొడుతున్నా, మీ తమ్ముడికి ఇది చెప్పు. డప్పును మంట మీద కాపితే తోలు బిగిసి కణకణమంటుంది. ఆరేకొద్దీ గొంతు దిగుతుంది. మనిషి చెవికి కొట్టేటప్పుడు తెలియదు, రికార్డింగ్‌లో పట్టుబడిపోతుంది. మొదటి చరణం కాపిన వెంటనే కొట్టి, రెండోది అరగంట తర్వాత కొట్టి అతికించామనుకో, రెండు డప్పుల లెక్క వినిపిస్తుంది. ప్రతి టేకుకు ముందు ఒకే తీరుగా కాపాలె. చలికాలం రాత్రి అయితే ఇంకా తొందరగా దిగుతుంది.

ఇంకోటి, మైకును డప్పు ముఖం ఎదురుగా పెట్టకు. కుడిచేతి సిర్ర దెబ్బకు మైకు చెవులు మూసుకుంటుంది. ఎడమచేతి చిటికెన పుల్ల సన్నగా వినపడాలె, అసలు అందం అదే. నాలుగైదు అడుగుల దూరం, కొంచెం పక్కకు.


గడియారం_సెంటర్
అక్టోబరు 22, రాత్రి 10:45

దరువన్నా, మస్తు చెప్పినవ్. దానికి తోడు: రికార్డింగ్ మీటర్ ఎంత పెద్ద దెబ్బకైనా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గరే ఆగేట్టు గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచి తీసుకోవాలనేది) పెట్టుకోవాలి. మీటర్ ఎర్రగా తగిలితే అల తల తెగిపోయినట్టే. తెగింది ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ నిజంగా తిరిగి రాదు. చిన్నగా రికార్డ్ అయితే తర్వాత పెంచుకోవచ్చు. మనవాళ్లు ఉల్టా చేస్తారు, మీటర్ నిండితేనే ఖుషీ.


పత్తిచేను_24
అక్టోబరు 24, రాత్రి 8:30

ఇప్పుడు గది సంగతి. ముందు గది స్లాబు, చప్పట్లు కొడితే ఉలిక్కిపడేంత మోగుతోంది. వెనక గదిలో పత్తి పోశాం, నిలబడటానికి కూడా చోటు లేదు. బొంతలు కట్టమంటారా? ఇంట్లో నాలుగున్నాయి.


గడియారం_సెంటర్
అక్టోబరు 24, రాత్రి 8:41

ఆగాగు. పత్తి పోసిన గదిలో చప్పట్లు కొట్టి చూశావా??


పత్తిచేను_24
అక్టోబరు 24, రాత్రి 8:58

ఇప్పుడే వెళ్లి కొట్టాను. అన్నా, చప్పట్లు కొట్టినట్టే లేదు. చెవిలో దూది పెట్టుకున్నట్టుంది.


గడియారం_సెంటర్
అక్టోబరు 24, రాత్రి 9:10

దూదే కదా తమ్మీ! 😂 జనం ఫోమ్ షీట్లకు వేలు వేలు పెడతారు. అవి కొద్ది మందమే కాబట్టి సన్న శబ్దాన్ని మింగుతాయి, లావు శబ్దం మిగిలిపోతుంది. నీకు నడుము ఎత్తు పత్తి గుట్ట ఉంది. అమ్మేలోపు రికార్డింగ్ కానిచ్చెయ్.


ట్రాక్32
అక్టోబరు 24, రాత్రి 9:25

నేను హైదరాబాద్‌లో గది అద్దె కట్టి ఫోమ్ అంటించుకున్నా. ఇప్పుడు ఏడవాలా నవ్వాలా.


దరువు
అక్టోబరు 24, రాత్రి 9:50

నవ్వులు సరే. పత్తి గదిలో డప్పు కాపే మంట పెట్టేరు! బీడీ, ఊదుబత్తి, దీపం ఏదీ వద్దు. డప్పు బయట వాకిట్లో కాపుకొని, మంట అక్కడే ఆర్పి, డప్పు ఒక్కటే లోపలికి తీసుకురావాలె. అసలు డప్పును లోపల కొట్టడమే వద్దంటా నేను. వాకిట్లోనే వేరే రికార్డ్ చెయ్యండి, డప్పుకు కొంచెం మోత ఉంటేనే ప్రాణం.


పాలమూరు_కోడలు
అక్టోబరు 24, రాత్రి 10:02

పత్తి నూగుకు పెద్దావిడకు దగ్గు రాదూ? గుట్ట మీద పాత చీరలు, దుప్పట్లు కప్పండి. శబ్దం మింగడం ఏమీ తగ్గదు.


పత్తిచేను_24
అక్టోబరు 26, ఉదయం 7:40

డప్పు బయట, అవ్వ లోపల అంటే రెండూ ఒకేసారి కాదు కదా. అవ్వ పాట ముందు రికార్డ్ చేసి, తమ్ముడు అది హెడ్‌ఫోన్లో వింటూ కొట్టాలి. నిన్న నేనే చప్పట్లతో ప్రయత్నించాను. వినేటప్పుడు సరిగ్గా కొట్టాను, తీరా చూస్తే చప్పట్లు పాట కంటే వెనకబడ్డాయి. లాప్‌టాప్ పాతది కాబట్టా?


లినక్స్_మామ
అక్టోబరు 26, ఉదయం 9:15

పాతదని కాదు. శబ్దం మైకులోంచి కంప్యూటర్‌లోకి చుక్క చుక్కగా కాదు, చెంబులతో పోసినట్టు వెళ్తుంది. ఆ చెంబు పేరు బఫర్. సెకనుకు 48,000 శాంపిళ్లు తీసుకుంటున్నప్పుడు 1024 శాంపిళ్ల చెంబు నిండటానికి 21 మిల్లీ సెకన్లు. 256 అయితే 5. గాలిలో శబ్దం మీటరు నడవడానికి దాదాపు 3 మిల్లీ సెకన్లు పడుతుంది కాబట్టి, 21 అంటే డప్పు మనిషి ఏడు మీటర్ల అవతల, వాకిలి గేటు దగ్గర నిలబడ్డట్టు. వెళ్లేటప్పుడో చెంబు, వచ్చేటప్పుడో చెంబు.

చెంబు చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది, కానీ పాత ప్రాసెసర్ అందుకోలేక మధ్యలో టప్ టప్ అని తెగుతుంది. నీకు ఆ గొడవ వద్దు. బఫర్ పెద్దగానే ఉంచు. ఎంత వెనకబడుతుందో కొలిచి ఆడాసిటీకి చెప్తే, రికార్డ్ అయిన ట్రాకును అదే ముందుకు జరుపుతుంది. ప్రిఫరెన్సుల్లో లేటెన్సీ కాంపెన్సేషన్ దగ్గర మైనస్ 130 మిల్లీ సెకన్లు అని ఒక అంకె ఉంటుంది. అది అందాజా అంకె, నీ లాప్‌టాప్‌ది కాదు.

కొలవడం ఇట్లా. జెనరేట్ మెనూలోంచి రిథమ్ ట్రాక్ ఒకటి పుట్టించు. కాంపెన్సేషన్‌ను సున్నా చెయ్యి. హెడ్‌ఫోన్ ఒక చెవిని మైకుకు ఆనించి గుడ్డతో చుట్టు, రికార్డ్ నొక్కు. ఇప్పుడు కింద కొత్త ట్రాకులో అదే టిక్కు కొంచెం కుడికి జరిగి కనిపిస్తుంది. పెద్దగా జూమ్ చేసి పై టిక్కు మొదలు నుంచి కింద టిక్కు మొదలు వరకు సెలెక్ట్ చేస్తే ఎంత తేడానో కింద పట్టీలో చూపిస్తుంది. ఆ అంకెకు మైనస్ తగిలించి అక్కడ రాయి. అంతే. బ్లూటూత్ హెడ్‌ఫోన్ మాత్రం వద్దు, దాని ఆలస్యం దానిది.


పత్తిచేను_24
అక్టోబరు 26, మధ్యాహ్నం 1:05

187 వచ్చింది. రాశాను. ఇప్పుడు చప్పట్లు పాట మీద కూర్చున్నాయి. మామా, బడిలో సైన్సు సారు చెంబులతో చెప్పి ఉంటే నేను పాసయ్యేవాణ్ని.


కొత్తోడు_మిర్యాల
అక్టోబరు 27, రాత్రి 9:33

ఆడాసిటీ మన మాటలు విని ఎక్కడికో పంపుతుందని వాట్సాప్‌లో వచ్చింది, నిజమా?


లినక్స్_మామ
అక్టోబరు 27, రాత్రి 10:10

2021 నాటి లొల్లి అది. ఆ ఏడాది మ్యూజ్ గ్రూప్ అనే సంస్థ ఆడాసిటీని తీసుకుంది. వాడకం వివరాలు పంపే ఏర్పాటు పెడతామంటే జనం తిరగబడ్డారు, వెనక్కి తగ్గారు. తర్వాత ప్రైవసీ పాలసీలో మాటలు సరిగ్గా లేవని మళ్లీ గొడవ, మళ్లీ మార్చారు. కోపం వచ్చినవాళ్లు అదే కోడ్ తీసుకొని టెనాసిటీ లాంటి వేరుకుంపట్లు పెట్టుకున్నారు. ఓపెన్ సోర్స్‌లో ఉన్న సుఖం అది, నచ్చకపోతే పొయ్యి వేరు పెట్టుకోవచ్చు. రికార్డ్ చేసిన గొంతు ఎక్కడికీ పోదు. అనుమానముంటే నెట్ ఆపి వాడు.


ట్రాక్32
అక్టోబరు 29, రాత్రి 11:40

వారం నుంచి ఈ చర్చ చదువుతూ మొదట అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. హైడ్రోజన్ అని ఒక డ్రమ్ మెషిన్ వేశాను, ఓపెన్ సోర్స్. దాంట్లో మన డప్పు లేదు. ఎక్కడ చూసినా రాక్ డ్రమ్ సెట్లే. దరువన్నా, మీరు ఒక్కో దెబ్బ రికార్డ్ చేసి పంపితే నేను డప్పు కిట్ తయారుచేసి అందరికీ ఉచితంగా పెడతా. చిన్న దెబ్బ, మధ్య దెబ్బ, గట్టి దెబ్బ లేయర్లుగా పెడితే వేలు నొక్కే బలాన్ని బట్టి పలుకుతుంది.


దరువు
అక్టోబరు 30, ఉదయం 6:15

తమ్మీ, కోపం తెచ్చుకోకు. నా దెబ్బలు ఇరవై తీసుకుంటవు. ఆ తర్వాత హైదరాబాద్‌లో ఎవరో ఏసీ గదిలో కూర్చొని బటన్ నొక్కి పాట చేస్తడు. పిలిచేది మమ్మల్ని కాదు కదా. సభలకు, దావత్‌లకు పిలుపులు ఇప్పటికే తగ్గినయి, పెన్‌డ్రైవ్ పెట్టి వాయిస్తున్నరు. ఉచితం అన్న మాట మీకు మంచిగ వినపడ్తది, నాకు రెండు తీర్లుగ వినపడ్తది.


ట్రాక్32
అక్టోబరు 30, ఉదయం 8:02

అన్నా, నిజంగా ఈ కోణం నాకు తట్టలేదు.


పాలమూరు_కోడలు
అక్టోబరు 30, మధ్యాహ్నం 12:30

దరువు గారి మాట కొట్టిపారేసేది కాదు. మన పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెర పరిస్థితి చూడండి. దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చాకే చాలామందికి ఆ వాద్యం పేరు తెలిసింది. వాయించేవాళ్లు వేళ్ల మీద లెక్క. రికార్డ్ చేసి ఉంచకపోతే పోతుంది, చేసి ఉంచితే వాయించేవాడికి ఏం మిగిలింది అనే ప్రశ్న. రెండూ నిజమే.

ఒకటి మాత్రం కలిపేసి మాట్లాడకండి. సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ అయినంత మాత్రాన దాంతో చేసిన పాట ఉచితం కానక్కర్లేదు. దాని లైసెన్సు కోడ్‌కు సంబంధించింది, మీ పాటకు కాదు. పాట మీది, డప్పు దెబ్బ దరువు గారిది. ఇవ్వాలా వద్దా, ఇస్తే ఏ షరతు మీద అనేది ఆయన ఇష్టం. క్రియేటివ్ కామన్స్‌లో పేరు తప్పకుండా చెప్పాలనే లైసెన్సు ఉంది, వ్యాపారానికి వాడొద్దనే లైసెన్సూ ఉంది.


దరువు
అక్టోబరు 30, రాత్రి 9:45

అక్కా, ఆలోచించిన. విడి దెబ్బలు ఇయ్య. నేర్చుకునే పిల్లల కోసం పూర్తి దరువులు ఆరు, నిదానంగా ఒకసారి, వేగంగా ఒకసారి కొట్టి పెడ్త. వ్యాపారానికి వద్దు, పేరు మా బృందం పేరు ఉండాలె. రికార్డింగ్‌కు వచ్చినోడు చాయ్ పైసలు గాదు, కూలి ఇయ్యాలె.


ట్రాక్32
అక్టోబరు 30, రాత్రి 9:58

ఒప్పుకుంటున్నా అన్నా. ఆదివారం నల్గొండ వస్తా. కూలి ఎంతో ముందే చెప్పండి, బేరం ఆడను.


పత్తిచేను_24
నవంబరు 9, రాత్రి 10:30

ఆలస్యమైంది, మన్నించండి. తుఫాను వానలకు చేలో ఉన్న పత్తి తడిసింది, దాని వెంట పరుగే సరిపోయింది. ఇంట్లో పోసింది మాత్రం దక్కింది, అందుకే స్టూడియో ఇంకా ఉంది.

నిన్న, ఈరోజు కలిపి పదకొండు పాటలు అయ్యాయి. తెల్లవారుజామున నాలుగున్నరకు మొదలుపెట్టాం. అవ్వ ఎట్లాగూ ఆ వేళకు లేస్తుంది, బోర్లు నడవవు, ఫ్యాన్ అక్కర్లేదు. దుప్పటి కప్పిన గుట్టకు ఆనుకొని కూర్చుంది. మైకు కొంగుకు పెడితే చెయ్యి ఊపినప్పుడల్లా చీర రాసుకొని బరబర అంటోంది. అప్పుడు ఇసుర్రాయి పిడికి తాడుతో కట్టి ఆమె గడ్డానికి జానెడు దూరంలో నిలబెట్టాను. ఇసుర్రాయి పాట వచ్చినప్పుడు ఆమె చెయ్యి అలవాటుగా ఆ పిడి మీదికి పోయింది, మైకుతో సహా ఒక తిప్పు తిప్పేసింది! ఆ టేకు పోయింది, కానీ దాని తర్వాతి టేకే అన్నిటికంటే మంచిగా వచ్చింది.

ఆరో పాటలో లాప్‌టాప్ బ్యాటరీ అయిపోయి ఆగిపోయింది. గుండె ఆగినంత పనైంది. చార్జ్ పెట్టి తెరిస్తే 'రికవర్ చెయ్యాలా' అని ఆడాసిటీయే అడిగింది, చివరి మాట తప్ప అంతా ఉంది.

ఇప్పుడు మూడు అడగాలి. నాలుగో పాటలో బర్రె అరిచింది, తియ్యొచ్చా? సన్నటి సుయ్ శబ్దం ఉంది, తగ్గించాలా? అమెరికాలో ఉన్న బాబాయికి ఎట్లా పంపాలి?


లినక్స్_మామ
నవంబరు 10, ఉదయం 6:50

బర్రె అరుపు పాట మాట మీద పడితే తీయలేం, రెండు మాటల మధ్య పడితే అక్కడ వాల్యూమ్ దించొచ్చు. ఎన్వలప్ టూల్‌తో.

సుయ్ శబ్దానికి: అవ్వ పాడకముందు రెండు మూడు సెకన్ల నిశ్శబ్దం ఉంటుంది కదా, అది సెలెక్ట్ చేసి నాయిస్ రిడక్షన్‌లో ఆ శబ్దం నమూనాగా ప్రొఫైల్ తీసుకో. తర్వాత మొత్తం పాట సెలెక్ట్ చేసి 6 డెసిబెల్స్ తగ్గించు, మహా అయితే 12. అత్యాశకు పోతే గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు బుడబుడమంటుంది. 78 ఏళ్ల గొంతులో ఉండే ఆ జీర కూడా నాయిస్ అనుకొని కోసేస్తుంది.

పంపడం: వాట్సాప్‌లో ఆడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపు. ఫైల్ ఫ్లాక్ అనే ఫార్మాట్‌లో తియ్యి. కుదించని వేవ్ ఫైల్‌లో ఎంత ఉందో అంతా ఉంటుంది, సైజు మాత్రం దాదాపు సగానికి వస్తుంది. ఎంపీ3 ఒకసారి చేస్తే పోయింది పోయినట్టే.

అసలైన రికార్డింగ్ మీద ఏ ఎఫెక్టూ వెయ్యకు. కాపీ మీద వెయ్యి. 24 బిట్, ఒకే చానెల్ అయితే గంటకు 520 ఎంబీ దాకా అవుతుంది, అంతే కదా. పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంకో ఇంట్లో ఒకటి పెట్టు. ఒకప్పుడు నేను ఆడాసిటీ పాత వెర్షన్‌లో ప్రాజెక్టు ఫైల్ ఒక్కటే కాపీ చేసుకొని, పక్కనున్న డేటా ఫోల్డర్ వదిలేసి, లాప్‌టాప్ ఫార్మాట్ చేశాను. మా నాయిన పాడిన తత్వాలు అందులో ఉండేవి. ఇప్పుడు 3.0 నుంచి అంతా ఒకే ఫైల్‌లో ఉంటుంది, నీకు ఆ భయం లేదు.


గడియారం_సెంటర్
నవంబరు 10, ఉదయం 8:20

బర్రెను ఉంచు తమ్మీ. పదేళ్ల తర్వాత ఆ బర్రె కూడా గుర్తొస్తుంది.


పత్తిచేను_24
నవంబరు 10, రాత్రి 8:15

బర్రెను ఉంచుతా. ఇంకో తంటా వచ్చింది. ఎనిమిదో పాట రెండో చరణం తర్వాత అవ్వ మధ్యలో ఆగి 'పొయ్యి మీద పాలు చూడవే' అని మా అమ్మను కేకేసి, అదే శ్రుతిలో మళ్లీ అందుకుంది. నాకైతే పదకొండు పాటల్లో అదే ఇష్టం. ఈరోజు ఇంట్లో అందరికీ వినిపించాను. అందరూ నవ్వారు, అవ్వకు మాత్రం సిగ్గేసింది. 'పాలు తియ్యి, నలుగురూ వింటరు' అంటోంది.


పాలమూరు_కోడలు
నవంబరు 10, రాత్రి 8:40

పాడింది ఆవిడ. తియ్యమంటే తియ్యాలి. అసలు టేకు మీ ఇంట్లో ఎలాగూ ఉంటుంది, బయటికి వెళ్లేది ఆవిడ ఒప్పుకున్నది.


ట్రాక్32
నవంబరు 10, రాత్రి 9:05

తీసేటప్పుడు ఊపిరి దగ్గర కొయ్యి, మాట దగ్గర కాదు. 'పొయ్యి'కి ముందు ఆమె ఊపిరి తీసుకుంటుంది చూడు, ఆ ఊపిరి ఉంచి, పాట మళ్లీ అందుకునే ముందు తీసుకున్న రెండో ఊపిరితో సహా తీసెయ్. రెండు ఊపిరులు వరసగా వినిపిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. సెలెక్ట్ చేశాక జెడ్ నొక్కితే అల సున్నాను దాటే చోటికి అంచులు జరుగుతాయి, టక్ అనే శబ్దం రాదు. అప్పుడు డిలీట్.


పత్తిచేను_24
నవంబరు 11, ఉదయం 5:20

కోశాను. వినిపించాను. రెండుసార్లు విని 'నేను ఎక్కడ ఆగిన?' అని అడిగింది. తమ్ముడు ఈ సాయంత్రం వాకిట్లో డప్పు కాపుతాడు. 187 అంకె అట్లాగే ఉంచాలా, హెడ్‌ఫోన్ మారిస్తే మళ్లీ కొలవాలా?


లినక్స్_మామ
నవంబరు 11, ఉదయం 6:05

వైరు హెడ్‌ఫోన్ ఏదైనా అదే అంకె. యూఎస్‌బీ మైకు గానీ సౌండ్ కార్డు గానీ మార్చావంటే మళ్లీ కొలుచుకో.